శోభి మచ్చల వెనుక ఉన్న ఈస్ట్ ఏది?

(మైక్రోబయాలజీ విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆసక్తితో వచ్చిన ఇతర శ్రోతలు ఉన్న సభలో ఒక మైక్రోబయాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం, చివర కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం.

శోభి మచ్చల గురించి ఇంతసేపు మాట్లాడటానికి ఏముంటుందండీ అని ఇందాక ఒకరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదిది. నొప్పి ఉండదు. దురద కూడా చాలామందికి చెమట పట్టినప్పుడు కాస్త అంతే. వీపు, ఛాతీ, భుజాలు, మెడ మీద తెల్లగానో, గోధుమ రంగులోనో మచ్చలు వస్తాయి. గోరుతో గీరితే సన్నటి పొట్టు లేస్తుంది. కొన్ని ఊళ్ళలో సిబ్బెం అంటారు. పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇంట్లో మాత్రం ఇదే పెద్ద టెన్షన్. బొల్లి ఏమోనని ఒకరు భయపడతారు, కుష్ఠు ఏమోనని ఇంకొకరు. రెండూ కాదు. బొల్లి మచ్చ మీద పొట్టు ఉండదు, రంగు పూర్తిగా పోయి పాల తెలుపుగా ఉంటుంది. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది. శోభి మచ్చలో స్పర్శ మామూలుగానే ఉంటుంది, పొట్టు ఉంటుంది.

డాక్టరు ఒక చూపు చూసి చెప్పేస్తారు. ఇంత తేలికైన జబ్బుకు కారణం ఏ జీవి అన్న ప్రశ్నకు మాత్రం నూటయాభై ఏళ్ళకు పైగా సరైన జవాబు దొరకలేదు. దొరికిన జవాబు మీద కూడా ఇంకా కొంత పేచీ ఉంది. నాకు ఆసక్తి ఆ పేచీలోనే. మనం ఏ పద్ధతిలో వెతుకుతామో దాన్ని బట్టే దొరికేదీ మారుతుందని ఇంత స్పష్టంగా చూపించే జీవులు మైక్రోబయాలజీలో ఎక్కువ లేవు.

కథ 1846లో మొదలవుతుంది. ఐక్‌స్టెట్ అనే జర్మన్ వైద్యుడు ఈ మచ్చల పొట్టును మైక్రోస్కోప్ కింద పెట్టి, ఇది శిలీంధ్రం పని అన్నాడు. 1853లో ఫ్రాన్స్‌లో చార్లెస్ రాబిన్ దానికి ఫర్ఫర్ అనే జాతి పేరు పెట్టాడు. కానీ దాన్ని తామర కలిగించే శిలీంధ్రాల ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, చేర్చాడు. అది తప్పు. తామర శిలీంధ్రం చర్మంలోని కెరాటిన్ అనే ప్రోటీన్ తిని బతుకుతుంది, దీని తిండి వేరు. ఆ సంగతి తెలియడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పైనే పట్టింది. 1874లో లూయీ మలసే అనే మరో ఫ్రెంచ్ వైద్యుడు తలలో చుండ్రు పొలుసులు పరీక్షించి, వాటిలో మొగ్గలు తొడుగుతున్న ఈస్ట్ (ఒకే కణంతో బతికే శిలీంధ్రం) కణాలను వర్ణించాడు. ఆయన పేరు మీదే 1889లో బయోన్ అనే వృక్షశాస్త్రవేత్త మలసేజియా అనే ప్రజాతిని ఏర్పరచాడు.

చిక్కు ఎక్కడుందో గమనించండి. వీపు మీది శోభి మచ్చలో చూస్తే పోగులు కనిపిస్తాయి. తలలోని చుండ్రులో చూస్తే గుండ్రటి, కోలటి కణాలు మాత్రమే. చూసినవాళ్ళు ఇవి రెండూ వేరు వేరు జీవులు అనుకున్నారు. పోగులున్న దాన్ని మలసేజియా అన్నారు. పోగులు లేని ఈస్ట్‌కు 1904లో సబురో పిటిరోస్పోరం అని పేరు పెట్టాడు. మన ల్యాబుల్లో సూక్ష్మజీవులను పెంచడానికి ప్లేటులో తిండిగా రోజూ వాడే సబురో మీడియం ఉందే, ఆ సబురోయే. ఒకే జీవి రెండు రూపాల్లో ఉండొచ్చని అనుమానించినవాళ్ళు లేకపోలేదు. కానీ అనుమానం తీరాలంటే ఆ జీవిని ప్లేటులో పెంచి చూపించాలి. అది పెరిగేది కాదు. సబురో మీడియం మీద కూడా పెరగలేదు!

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక పేరు చెప్పాలి. కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో పనిచేసిన చర్మవ్యాధి నిపుణుడు గణపతి పంజా. ఈ ఈస్ట్‌లను పెంచడం, వాటి ఆకారాలు, జాతుల మీద ఆయన పత్రం 1927లో వెలువడింది. మలసేజియా, పిటిరోస్పోరం రెండూ ఒకే ప్రజాతి కిందికి రావాలని ఆయన వాదన. ప్రపంచం అధికారికంగా ఆ మాటకు వచ్చింది 1986లో. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. ఉండాలని నా అభిప్రాయం.

ఈ జీవి ఎందుకు పెరగడం లేదో 1939లో అమెరికాలో రోడా బెన్‌హామ్ తేల్చింది. దీనికి కొవ్వు కావాలి. మీడియంలో చక్కెర ఎంత వేసినా, పెప్టోన్ ఎంత వేసినా లాభం లేదు, నూనె తగలాలి. దీని వెనుక అసలు కారణం 2007లో జీనోమ్ చదివినప్పుడు బయటపడింది. మలసేజియా గ్లోబోసా అనే జాతి జీనోమ్ చాలా చిన్నది, దాదాపు 90 లక్షల బేస్ జతలు. సాధారణంగా జీవులు తమకు కావలసిన కొవ్వు ఆమ్లాలను ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైముతో తామే తయారు చేసుకుంటాయి. ఆ జన్యువు దీనికి లేనే లేదు. దానికి బదులుగా కొవ్వును విరగ్గొట్టే లైపేజ్ ఎంజైముల జన్యువులు దండిగా ఉన్నాయి. మన చర్మంలోని నూనె గ్రంథులు స్రవించే సెబమ్‌ను విరగ్గొట్టుకుని, అందులోని కొవ్వు ఆమ్లాలను తీసుకుని బతుకుతుంది.

ఈ ఒక్క విషయం తెలిస్తే జబ్బు తీరు చాలావరకు అర్థమవుతుంది. మచ్చలు వీపు పైభాగం, ఛాతీ, భుజాల మీద వస్తాయి, ఎందుకంటే నూనె గ్రంథులు ఎక్కువ ఉండేది అక్కడే. అరచేతిలో, అరికాలిలో నూనె గ్రంథులు ఉండవు, అక్కడ శోభి రాదు. ఎక్కువగా యుక్తవయసులో, యవ్వనంలో కనిపిస్తుంది, ఎందుకంటే సెబమ్ పొంగేది ఆ వయసులోనే. మన ప్రాంతంలో చిన్నపిల్లలకు బుగ్గల మీద, నుదుటి మీద వస్తుంటుంది. అలాంటి పిల్లల్ని చూసినప్పుడు ఒంటికి నూనె పట్టించే అలవాటు ఉందా అని అడగాలి. స్నానం తరవాత నూనె రాసి వదిలేయడం ఈ ఈస్ట్‌కు భోజనం పెట్టడమే.

సరే, ల్యాబ్‌లోకి వద్దాం. విద్యార్థులు దీన్ని జాగ్రత్తగా వినాలి.

మచ్చ అంచున మొద్దు బ్లేడుతో మెల్లగా గీకి పొట్టు తీస్తాం. లేదా పారదర్శకంగా ఉండే సెల్లోటేప్ ముక్క అంటించి లాగుతాం. స్లైడు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క, కాస్త నీలం ఇంకు కలిపితే ఇంకా మంచిది. పది నిమిషాలు ఆగి చూస్తే, పొట్టి పొట్టి పోగులు, వాటి మధ్య గుత్తులుగా గుండ్రటి కణాలు కనిపిస్తాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో స్పగెట్టీ, మీట్‌బాల్స్ అని రాస్తారు. మా క్లాసులో సగం మంది అవి ఎన్నడూ తినలేదు. సేమ్యా సగ్గుబియ్యం పాయసం అని చెప్పండి, ఒక్కసారి చూస్తే జన్మలో మరిచిపోరు. ఉడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వెలుగులో కొన్ని మచ్చలు పసుపు బంగారు రంగులో మెరుస్తాయి, కానీ అన్నీ మెరవవు. మెరవకపోతే జబ్బు లేదని రాయకండి.

జబ్బు నిర్ధారణ ఇక్కడితో అయిపోతుంది. రోగికి ఇంతకు మించి పరీక్ష అక్కర్లేదు. కానీ ఆ పాయసంలో ఉన్నది ఏ జాతో స్లైడు చూసి చెప్పలేం. దానికోసం పెంచాలి.

పెంచడానికి పాత పద్ధతి, సబురో మీడియం మీద ఆలివ్ నూనె పూయడం. ఇది కొన్ని జాతులకు సరిపోతుంది, నాజూకు జాతులకు సరిపోదు. అందుకే ఇప్పుడు డిక్సన్ మీడియం అనేదాన్ని కొద్దిగా మార్చి వాడతాం. అందులో మాల్ట్ సారం, ఎద్దు పైత్యరసం, ట్వీన్ 40 అనే కొవ్వు ఆమ్లపు పదార్థం, కొంత గ్లిజరాల్ ఓలియేట్ ఉంటాయి. 1987లో లీమింగ్, నాట్‌మన్ అనే ఇద్దరు తయారు చేసిన మీడియంలో అయితే వెన్న తీయని ఆవుపాలు కూడా పోస్తారు. ఇంక్యుబేటర్ 32 డిగ్రీల దగ్గర పెట్టాలి. 37లో పెడితే మనకు కావలసిన జాతే మొండికేస్తుంది. ప్లేట్లు ఎండిపోకుండా చూసుకుంటూ రెండు వారాలు ఓపిక పట్టాలి. మూడో రోజున ప్లేటు తీసి, ఏమీ లేదని పారేసే ల్యాబులు ఉన్నాయి. వాళ్ళకు నిదానంగా పెరిగే జాతులు ఎప్పటికీ దొరకవు.

ఇక జాతుల సంగతి. 1951లో గోర్డన్ అనే పరిశోధకుడు శోభి మచ్చల నుంచి, మామూలు చర్మం నుంచి కూడా గుండ్రటి కణాలున్న ఈస్ట్‌ను పెంచి, దాన్ని కోలటి కణాలున్న దాని నుంచి వేరు చేశాడు. గుండ్రటిది, కోలటిది రెండూ వేరా, ఒకటేనా అని ముప్ఫై ఏళ్ళు వాదించుకున్నారు. చివరికి 1980లలో అన్నిటినీ కలిపి మనుషుల మీద ఉండేది ఫర్ఫర్ ఒక్కటే అన్నట్టుగా తేల్చేశారు. కుక్కల చెవుల్లో ఉండే పాకిడెర్మాటిస్ మాత్రం విడిగా మిగిలింది. దాన్ని 1925లో వీడ్‌మన్ మొదట వర్ణించింది కుక్క నుంచి కాదు, చర్మవ్యాధి వచ్చిన ఒక భారతీయ ఖడ్గమృగం నుంచి! పాకిడెర్మ్ అంటే మందచర్మం ఉన్న జంతువు, ఆ పేరు అప్పటిదే.

1990లో సింపోడియాలిస్ విడిపడింది. 1996లో ఫ్రాన్స్ నుంచి గేయో, ఇంగ్లండ్ నుంచి మిజ్లీ, ఫ్రాన్స్‌లోనే గియో అనే పశువైద్య పరిశోధకుడు కలిసి, రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ వరుసల ఆధారంగా ఈ ప్రజాతిని తిరగరాశారు. ఫర్ఫర్, పాకిడెర్మాటిస్, సింపోడియాలిస్‌లకు గ్లోబోసా, ఒబ్ట్యూసా, రెస్ట్రిక్టా, స్లూఫియే తోడై మొత్తం ఏడయ్యాయి. అంటే 1996కు ముందు రాసిన వ్యాసంలో శోభికి కారణం ఫర్ఫర్ అని ఉంటే, అది పాకిడెర్మాటిస్ కాక మిగిలిన ఆరింటిలో ఏదైనా అయి ఉండొచ్చు. ఇప్పటికీ కొన్ని గైడ్లలో, నోట్సుల్లో శోభికి కారణం మలసేజియా ఫర్ఫర్ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. పరీక్షలో మార్కు వస్తుంది గానీ అది ముప్ఫై ఏళ్ళ నాటి జవాబు.

ఏడింటిని ప్లేటు మీద ఎలా విడదీయాలి? మొదట నూనె లేని సబురో మీద పెట్టి చూడాలి. పెరిగితే పాకిడెర్మాటిస్. పెరగకపోతే కణాల మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయాలి. బుడగలు రాకపోతే రెస్ట్రిక్టా, దానికి బుడగలు తెప్పించే కెటలేజ్ ఎంజైము లేదు. బుడగలు వస్తే అసలు పని మొదలు. ఈస్ట్ కలిపిన మీడియంలో చిన్న గుంటలు చేసి, ట్వీన్ 20, 40, 60, 80 వేరు వేరుగా పోస్తాం. ఏ గుంట చుట్టూ పెరిగితే ఆ కొవ్వును వాడుకోగలదన్నమాట. ఐదో గుంటలో క్రెమొఫోర్ ఈఎల్. ఇది ఆముదం నుంచి తయారైన పదార్థం. ఫర్ఫర్‌కు అన్నీ పడతాయి, ఆముదపు సరుకు కూడా బాగా తింటుంది, 40 డిగ్రీల వేడిలోనూ పెరుగుతుంది. సింపోడియాలిస్ కూడా వేడిని తట్టుకుంటుంది, కానీ దానికి ఎస్క్యులిన్ మీడియంను నల్లబరిచే ఎంజైము బలంగా ఉంటుంది. ఫర్ఫర్‌కు అది ఉండదు, ఉన్నా బలహీనం. స్లూఫియేకు ట్వీన్ 80 పడదు.

మరి గ్లోబోసా? దీని గుర్తులన్నీ లేనివే. ట్వీన్‌లు ఏవీ పడవు, ఆముదం పడదు, ఎస్క్యులిన్ నల్లబడదు, 37 డిగ్రీలకే నీరసిస్తుంది. బుడగలు మాత్రం వస్తాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే చక్కగా గుండ్రటి కణం, దాని మీద సన్నటి మెడతో చిన్న మొగ్గ. ఇలా లేనివాటిని బట్టి గుర్తుపట్టే జీవితో ఒక ప్రమాదం ఉంది. మీ మీడియం పాడైనా, ఇంక్యుబేటర్ వేడి తప్పినా అన్ని గుంటల్లోనూ పెరుగుదల లేదనే ఫలితమే వస్తుంది. అందుకే ఫర్ఫర్ ప్రామాణిక స్ట్రెయిన్‌ను పక్కన కంట్రోల్‌గా పెట్టకుండా ఎవరైనా గ్లోబోసా అని రిపోర్టు ఇస్తే నేను నమ్మను.

ఇంకో చిక్కు. ఒకే మచ్చలో రెండు జాతులు ఉండటం మామూలే. సింపోడియాలిస్, ఫర్ఫర్ ప్లేటు మీద చురుగ్గా పెరుగుతాయి. గ్లోబోసా, రెస్ట్రిక్టా నిదానం. నాలుగో రోజున కనిపించిన పెద్ద కాలనీని తీసుకుని పరీక్ష చేస్తే, చర్మం మీద అల్పసంఖ్యాకంగా ఉన్నది రిపోర్టులో అసలు ముద్దాయి అయిపోతుంది.

ఇది గుర్తుపెట్టుకుని ఇప్పుడు పరిశోధనల ఫలితాలు చూడండి. 2000లో స్పెయిన్‌లోని మలగా నుంచి క్రెస్పో ఎర్చిగా బృందం, శోభి మచ్చల్లో దాదాపు అన్నిటిలో గ్లోబోసానే దొరికిందని, సగానికి పైగా మచ్చల్లో అది ఒక్కటే ఉందని ప్రకటించింది. పొట్టులో నేరుగా కనిపించే కణాలు కూడా గుండ్రటివే అన్నారు. అంటే పాయసంలో సగ్గుబియ్యం ఆకారం గ్లోబోసా ఆకారంతో సరిపోయింది. ఇది బలమైన సాక్ష్యం. జపాన్‌లో, గ్రీసులో, ఇరాన్‌లో చూసినవాళ్ళకు కూడా గ్లోబోసానే ఎక్కువగా దొరికింది. కానీ కెనడాలో చూసినప్పుడు సింపోడియాలిస్ ముందుంది. 2004లో చెన్నై నుంచి వచ్చిన అధ్యయనంలోనూ సింపోడియాలిస్ మొదటి స్థానం, గ్లోబోసా రెండోది. 2009లో ఇండోనేషియా నుంచి వచ్చిన దానిలో ఫర్ఫర్ అన్నిటికన్నా ఎక్కువ.

ఉష్ణమండలంలో జాతులు వేరా? కావచ్చు. వేడిని తట్టుకునే జాతులు వేడి ప్రాంతంలో ఎక్కువ ఉండటంలో వింత లేదు. కానీ వేడిలో త్వరగా పెరిగే జాతులే మన ప్లేట్లలో కూడా త్వరగా పెరుగుతాయి. తేడా చర్మంలో ఉందా, ప్లేటులో ఉందా? కల్చర్, అంటే ప్లేటులో పెంచి చూడటం, ఒక్కటే ఆధారమైనప్పుడు ఈ ప్రశ్నకు జవాబు ఉండదు.

అందుకే పెంచకుండానే గుర్తించే పద్ధతులు వచ్చాయి. మచ్చ మీద టేపు అంటించి, దాని నుంచి నేరుగా డీఎన్‌ఏ తీసి, రైబోసోమల్ జన్యువుల మధ్య ఉండే ఐటీఎస్ భాగాన్ని పీసీఆర్‌తో పెంచి చదువుతారు. జపాన్‌లో సుగిటా బృందం ఈ పని చాలా చేసింది. ఇలా చూసినప్పుడు ఒక కొత్త సంగతి తెలిసింది. కల్చర్‌లో అరుదుగా కనిపించే రెస్ట్రిక్టా, తల మీద, ముఖం మీద నిజానికి అత్యధికంగా ఉండే జాతుల్లో ఒకటి. ఇన్నాళ్ళూ అది లేదనుకున్నది అది పెరగకపోవడం వల్లే. శోభి మచ్చల విషయంలో మాత్రం డీఎన్‌ఏ పద్ధతుల్లోనూ గ్లోబోసాకు పెద్ద వాటానే దక్కింది. కల్చర్‌లో పెరిగిన కాలనీలకైతే ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో మాల్డి టాఫ్ యంత్రం ఉంది. ప్రోటీన్ల బరువుల వరుస చూసి నిమిషాల్లో జాతి చెబుతుంది. కాకపోతే యంత్రంలోని లైబ్రరీలో ఆ జాతి నమూనా ముందే ఉండాలి.

జాతుల సంఖ్య కూడా ఏడు దగ్గర ఆగలేదు. జపాన్ నుంచి డెర్మాటిస్, జపోనికా, యమతోయెన్సిస్ వచ్చాయి. మేకల నుంచి, గుర్రాల నుంచి, కుందేళ్ళ నుంచి, చిలుకల నుంచి, చివరికి గబ్బిలాల నుంచి కూడా వచ్చాయి. 2016లో చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థ పరిశోధకులు మన దేశంలోని మనుషుల చర్మం నుంచి ఒక కొత్త జాతిని వర్ణించి, తమ సంస్థలోని ప్రముఖ ఫంగస్ నిపుణుడు అరుణాలోక్ చక్రబర్తి పేరు మీద అరుణాలోకీ అని పెట్టారు. అది రెస్ట్రిక్టాకు దగ్గర బంధువు. పాత రిపోర్టుల్లో రెస్ట్రిక్టా అని రాసినవాటిలో కొన్ని ఇదే అయి ఉండొచ్చు కదా అని నాకు అనిపిస్తుంది.

మరి నా తీర్పు ఏమిటి? గ్లోబోసా ప్రధాన ముద్దాయి. ఫర్ఫర్, సింపోడియాలిస్‌లను విడిచిపెట్టడానికి వీల్లేదు, ముఖ్యంగా మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో. కానీ అదే రోగి శరీరంలో మచ్చ లేని చోట టేపు అంటించి చూడండి, అక్కడా గ్లోబోసా ఉంటుంది. మీ వీపు మీద, నా వీపు మీద కూడా ఉంటుంది. కాబట్టి అది ఉందా లేదా అన్నది కాదు తేల్చాల్సింది. ఈస్ట్ రూపంలో ఊరికే ఉన్నది పోగుల రూపంలోకి ఎందుకు మారింది అన్నది తేల్చాలి. వేడి, తేమ, చెమట, బిగుతు బట్టలు, ఒంటి నూనె, స్టెరాయిడ్ వాడకం, కుటుంబంలో ఉండే లొంగుబాటు (ఈ జబ్బుకు తేలిగ్గా లొంగే గుణం), ఇవన్నీ కారణాలని తెలుసు. ల్యాబ్‌లో ప్లేటు మీద మాత్రం గ్లోబోసా చేత పోగులు వేయించడం మహా కష్టం. చర్మం మీద సులువుగా చేసే పని మన ముందు చేయదు.

రంగు గురించి కూడా చెప్పి ముగిస్తాను. ఈ ఈస్ట్ కొవ్వు ఆమ్లాలను విరిచినప్పుడు అజెలాయిక్ ఆమ్లం తయారవుతుంది. మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ ఎంజైమును అది అడ్డుకుంటుంది. తెల్లమచ్చకు ఇది ఒక వివరణ. ఈ అజెలాయిక్ ఆమ్లాన్నే ఇప్పుడు మొటిమలకు, నల్లమచ్చలకు ట్యూబుల్లో అమ్ముతున్నారు. ఫర్ఫర్ అయితే ట్రిప్టోఫాన్ నుంచి కొన్ని ఇండోల్ రంగు పదార్థాలు కూడా చేస్తుంది, వాటిలో కొన్ని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయి. కొందరికి అదే జబ్బు గోధుమ రంగులో ఎందుకు వస్తుందో చెప్పే వివరణలు మాత్రం ఇంకా అంత గట్టిగా లేవు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక శ్రోత: మా అబ్బాయికి ఉందండి. వాడి టవల్, సబ్బు వేరుగా పెట్టమంటారా?)

అక్కర్లేదమ్మా. తామరకైతే పెట్టమనేదాన్ని. ఈ ఈస్ట్ మీ అందరి ఒంటి మీదా ముందు నుంచే ఉంది, కొత్తగా అంటుకునేది ఏమీ లేదు. అబ్బాయి ఆటలాడి వచ్చాక చెమట బట్టలు వెంటనే మార్చుకోమనండి, ఒంటికి నూనె మానిపించండి.

(విద్యార్థి: మేడం, అందరి మీదా ఉండే జీవిని కారణం అనడం, ఒక జీవే జబ్బుకు కారణమని తేల్చడానికి చెప్పే కాక్ సూత్రాలకు విరుద్ధం కదా?)

బాగా అడిగావు. విరుద్ధమే. ఆరోగ్యవంతుల్లో ఉండకూడదు అన్న సూత్రం ఇక్కడ మొదటి అడుగులోనే పడిపోతుంది. 1961లో బర్క్ అనే ఆయన మనుషుల చర్మం మీదే ఈ ఈస్ట్ వేసి ప్రయోగం చేసి, మనిషిలోని లొంగుబాటు కూడా లెక్కలోకి వస్తుందని చూపించాడు. కానీ అప్పటికి జాతులు విడదీయలేదు. ఆయన వాడింది ఏ జాతో ఇవాళ్టి పేరుతో చెప్పలేం. అన్ని జాతులనూ విడివిడిగా వేసి, ఏది పోగులు వేస్తుందో చూసే ప్రయోగం ఎవరైనా పక్కాగా చేస్తే ఈ వాదన చాలావరకు తీరుతుంది.

(ల్యాబ్ టెక్నీషియన్: జాతి తెలిస్తే మందు మారుతుందా మేడం? లేకపోతే ఇంత శ్రమ ఎందుకు?)

శోభికి మారదు. కీటోకొనజోల్ షాంపూ గానీ, సెలీనియం సల్ఫైడ్ గానీ మచ్చల మీద రాసి, డాక్టర్ చెప్పినంతసేపు ఉంచి కడిగేస్తే ఏ జాతికైనా పనిచేస్తుంది. ఎక్కువగా వ్యాపిస్తే ఇట్రాకొనజోల్, ఫ్లుకొనజోల్ మాత్రలు డాక్టర్ రాస్తారు. కీటోకొనజోల్ మాత్ర మాత్రం వద్దు, లివర్ దెబ్బతింటుందని 2013 నుంచి గట్టి హెచ్చరికలు ఉన్నాయి. మెడికల్ షాపులో తామరకు ఇచ్చే టెర్బినాఫిన్ మాత్ర, గ్రైసియోఫుల్విన్ మాత్ర దీనికి పనిచేయవు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు అసలే వద్దు.

జాతి తెలియాల్సింది ఇంకోచోట. నెలలు నిండని పిల్లలకు రక్తనాళం ద్వారా కొవ్వు ద్రావణం ఎక్కిస్తారు. ఆ గొట్టంలోకి ఈ ఈస్ట్ చేరితే దానికి అక్కడ పండగే. అమెరికాలో ఒక నవజాత శిశు ఐసీయూలో పదిహేను మంది పిల్లల్లో పాకిడెర్మాటిస్ బయటపడింది. 1998లో దాని నివేదిక అచ్చయింది. ఏ జాతో తెలియబట్టే అది కుక్కల మీద ఉండేది కదా అన్న ఆలోచన వచ్చింది. వెతికితే సిబ్బందిలో కొందరి పెంపుడు కుక్కల దగ్గర అదే దొరికింది. ఊరికే మలసేజియా అని రిపోర్టు ఇచ్చి ఉంటే కుక్కల దాకా ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

(ఇంకో శ్రోత: మందు రాసి రెండు నెలలైంది మేడం. తెలుపు అలాగే ఉంది. మందు పనిచేయనట్టేనా?)

గోరుతో గీరి చూడండి. పొట్టు లేస్తుంటే ఈస్ట్ ఇంకా పని చేస్తున్నట్టు, డాక్టర్‌ను మళ్ళీ కలవండి. పొట్టు లేకపోతే జబ్బు పోయినట్టే, రంగు ఒక్కటే బాకీ. అది రావడానికి నెలలు పడుతుంది, కాస్త ఎండ తగలనివ్వండి, ఆ తెలుపు మీద మందు మళ్ళీ మళ్ళీ రాయకండి. వచ్చే వేసవిలో తిరిగి వస్తే మాత్రం ఆశ్చర్యపోకండి, చాలామందికి వస్తుంది. అలా ఏటా వచ్చేవాళ్ళకు ఉక్క మొదలయ్యే ముందే నెలకోసారి షాంపూ వాడమని డాక్టర్లు చెబుతుంటారు. మీకు అది అవసరమో కాదో మీ డాక్టర్‌నే అడగండి.